ఎడ్మంటన్ సిటీ ఆఫీసులో మనవాడు

విద్యార్థులు విమానాల కొద్దీ దిగుతున్న రోజులవి. మా బావమరిది మనవరాలు కీర్తనకు కెనడాలోని ఎడ్మంటన్‌లో చివరికి ఒక ఇంటి కింద బేస్‌మెంట్ అద్దెకు దొరికింది. సాయంత్రంలోగా అడ్వాన్సు కట్టాలి, కడితే తిరిగి రాదు. యజమాని మన తెలుగు సంఘం పెద్దమనిషి. ప్రభుత్వాలు సమాచారాన్ని జనం ముందు పెట్టేది కేవలం ఆదర్శం కొద్దీ అని ఉపన్యాసం దంచి, కాదన్న నన్ను నిండు సభలో కూర్చోబెట్టిన మహానుభావుడు. పుస్తకాలు నేనూ చదివాను. బేస్‌మెంట్ అద్దెకివ్వడానికి సిటీ అనుమతి ఉందా అని పిల్ల అడిగితే, "మనలో మనకి పర్మిట్లేంటమ్మా?" అన్నాడట. అందుకే ఈ ప్రయాణం.

ఉదయం రద్దీ తగ్గాక నేనూ కీర్తనా దక్షిణం వైపు నుంచి రైలెక్కాం. ఒకసారి కొన్న టికెట్టు గంటన్నర వరకు బస్సుల్లోనూ చెల్లుతుంది. నది మీద ఎండ చూస్తుండగానే రైలు సొరంగంలో దూరింది. డౌన్‌టౌన్‌లో దిగి సిటీ ఆఫీసుకు నడిచాం. అక్కడ మా చర్చి ప్రభాకర్ పనిచేస్తాడు. మనవాడు లోపల ఉంటే చాలు కదా మనకి!

"కొంచెం లోపల చూసి చెప్పవయ్యా, ఎవరికీ చెప్పంలే" అన్నాను.

"లోపలేం లేదంకుల్. అంతా వెబ్‌సైట్‌లో పెట్టేశాం. అడ్రస్ కొట్టండి, వస్తుంది."

"ఇంత ఉదారబుద్ధి ఎవరికి పుట్టింది?"

"ఉదారబుద్ధా! రోజంతా ఇవే ఫోన్లు. గుంటూరు నుంచి స్టూడెంట్స్ అమ్మలు కూడా, 'బాబూ, కొంచెం చూసి చెప్పు' అని. పక్క డెస్కుల్లో పంజాబీవాళ్ళకీ ఇదే గోల. అందరం మేనేజర్ మీద పడ్డాం. ఒకసారి బయట పెట్టేస్తే మా ప్రాణం హాయి."

కీర్తన ఫోన్లో అడ్రస్ కొట్టి బిక్కమొహం వేసింది. "తాతగారూ, బేస్‌మెంట్‌కి పర్మిట్ లేదు. ఆ కిటికీలోంచి పిల్లి కూడా దూరదు. మంటలొస్తే నేనెట్లా బయటపడేదాన్ని?"

అంతకుముందు దూరమని వదిలేసిన ఇంకో ఇంటి అడ్రస్ కొట్టింది. దానికి ఉంది. ఆ ఇంటి ఆంటీకి ఫోన్ చేస్తే గది ఇంకా ఖాళీగానే ఉందట. తర్వాత పెద్దమనిషికి చేసింది. "వద్దులెండి అంకుల్, సిటీ సైట్‌లో చూశాను." అవతల ఏమన్నాడో గాని, "పబ్లిక్ డేటానే కదంకుల్!" అంది. ఆ ఒక్క మాటకి నా రైలు చార్జీలు గిట్టాయి.

చట్టాలు, ఎన్నికలు, పక్క నగరాలతో పోటీ, అన్నీ ప్రభుత్వాల్ని కదిలిస్తాయి, కాదనను. కానీ ఒక్కొక్కరికీ చెప్పడం కన్నా అందరికీ చెప్పడమే తేలికైన రోజున ఆఫీసు తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. పిల్ల ప్రాణానికి ఆ విసుగే కాపలా కాసింది. ఆదర్శమైతే మెట్ల కింద ఇరుకు గది అద్దెకిస్తోంది.

ఇల్లు వెతుక్కునేవాళ్ళకు ఒక్క మాట: అడ్వాన్సు ఇచ్చే ముందు ఇంటి నంబరుతో సిటీ సైట్‌లో వెతకండి. అనుమతి మొత్తం ఇంటికి ఉంటే సరిపోదు, కింది భాగానికి విడిగా ఉండాలి.