గాలిగోపురం దాటాక ఎడమ పక్క చెట్టు

నా పాత డైరీల్లో ఒక మాట నాలుగేళ్లపాటు ఏటా కనిపిస్తుంది: 'గాలిగోపురం దాటాక, ఎడమ పక్క చెట్టు. తెల్ల పూత. పేరు తెలియదు.' వేసవిలో నేనూ మా ఆవిడా చిత్తూరు నుంచి వచ్చి, మెట్లదారిన తిరుమలకు నడిచేవాళ్లం. ఎవరిని అడిగినా 'ఏదో అడవిచెట్టు' అనేవారు. పేరు లేకుండా రాసుకోవడం నాకు పంటిలో ఇరుక్కున్న మామిడి పీచులా ఉండేది.

ఎనభైల మొదట్లో ఒక ఏడాది, కొండెక్కే ముందురోజు తిరుపతిలో ఒక కాలేజీ మ్యూజియానికి వెళ్లాను. శేషాచలం చెట్ల కొమ్మలు ఎండబెట్టి, అట్టలకు కుట్టి పెట్టారని విన్నాను. గంటసేపు కాచుకున్నాక అటెండరు వచ్చి తాళం తీశాడు. కొండరాళ్ల మీద తిరిగే బంగారు బల్లిని స్పిరిట్లో ఉంచిన సీసా మీద 'తెల్లకరక' అని చెట్టు పేరు రాసి ఉంది.

"ఇదేందప్పా?"

"సున్నం కొట్టేటప్పుడు చీటీలన్నీ రాలిపోయినాయి సార్. నాకు తోచినట్టు అంటించినా. బల్లిని చూసి చెట్టనుకునేవాళ్లు ఎవురుండారు?"

నా చెట్టును పోలిన కొమ్మలు మూడున్నాయి. ఏ చీటీనీ నమ్మలేను.

"పూతతో ఒక రెమ్మ తీసకరాండి. మా సారు చూస్తానే చెప్తాడు," అన్నాడు.

మర్నాడు చెట్టు నిండా పూత. చెయ్యి చాచాను.

"దించు చెయ్యి," అంది మా ఆవిడ. "కొండమీద పూసిందంతా సామిదే గదా. నేను తల్లో పువ్వు తీసేసి ఎక్కినా."

"పెట్టుకునేదానికి కాదే, పేరు కోసం."

"పేరు సామికి తెలుసులే."

"రాలింది తీసుకుంటా."

"రాలినా సామిదే."

అంతలో ఒక కోతి కొమ్మ విరిచి, రెండు పూలు నమిలి, మిగతాది నా కాళ్ల దగ్గర పడేసింది. ఆమె వైపు చూశాను.

"దానికి తెలీదు. నీకు తెలుసు గదా," అంది.

తెలుసు. చిన్నప్పటి నుంచి నేనూ పాటించిన మాటే. అందుకే వంగలేకపోయాను, అదే ఎక్కువ చిరాకు. మెట్టు మీద కూర్చుని డైరీలో బొమ్మ గీశాను. నాకు బొమ్మలు రావు.

దిగాక మ్యూజియం సారుకు చూపించాను. ఆయన డైరీని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది నేరేడైనా కావచ్చు, కానుగైనా కావచ్చు. రెమ్మ తేలేదా?"

"మెట్లదారిలో పువ్వు సార్."

"అవునులే. ఆడ మేమూ కొయ్యం. ఇవన్నీ తలకోన పక్క కోసినవి," అన్నాడు.

ఆ సాయంత్రం చిత్తూరు బస్సులో, బొమ్మ కింద పాత మాటే మళ్లీ రాశాను. కలం గట్టిగా ఒత్తినట్టున్నాను, వెనక పేజీలోనూ అచ్చు పడింది.