రైలును ఆపిన గంజి

ఆ రోజుల్లో, అంటే మరీ పూర్వం కాదు, ఆదోనిలో డిప్లొమా చదువుతున్న రోజుల్లో, సముద్రాన్ని చూడనివారికి దాని మీద వంతెన కట్టే అర్హత లేదని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వాదించి ఉండేదాన్ని. చర్చా పోటీల వల్ల అబ్బిన గుణం అది. తరగతిలో నా పేరు ‘పాయింటమ్మ’. చివరి ఏడాది ప్రాజెక్టుకు, ఓడ వస్తే నడిమి భాగం పైకి లేచి దారినిచ్చే రైలు వంతెన నమూనాను ఎంచుకున్నాం, నేనూ, ఎమ్మిగనూరు నేతగాళ్ళింటి నుంచి వచ్చే ‘మగ్గమూ’ (ఇదీ తరగతి పెట్టిన పేరే). అది లేచి దిగితేనే ఇద్దరికీ డిప్లొమా.

మొదటి వారమంతా ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ఓడా రైలూ ఒకేసారి వస్తే ఆగవలసింది ఎవరు? “ఎవురో ఒకరు నిలబడతార్లే, ముందు పని కానీ తల్లీ,” అన్నాడు మగ్గం. “ఎవురో ఒకరంటే యాడ కుదురుతాదప్పా? రూలుండాల,” అన్నాను. చివరకు, వంతెన పూర్తిగా దిగి కూర్చుంటే తప్ప పచ్చదీపం వెలగకూడదనీ, అది వెలగనిదే రైలు కదలకూడదనీ తీర్మానించి, ఆ ప్రకారమే తీగలు కలిపాం. ఇటూ అటూ స్తంభాలు, వాటిపైన కప్పీలు, కప్పీల మీదుగా దారాలు. ఒక కొసన వంతెన, మరో కొసన ఇసుక సంచులు. సంచులు దిగితే వంతెన లేస్తుంది. దారానికి మగ్గం వాళ్ళమ్మ స్వయంగా గంజి పెట్టి ఇచ్చింది. ఎన్నిసార్లు చూసినా చక్కగా జారింది. (చూసిందంతా సముద్రమనుకుని కింద పెట్టిన ఎండు టబ్బులోనే. కొళాయి రాని రోజున సముద్రం కోసం బిందెలు ఒంపే ధైర్యం మా ఊళ్ళో ఎవరికుంది?)

ప్రదర్శన రోజున టబ్బు నిండా నీళ్ళు పోశాం. పరీక్షాధికారి ఎదుట కాగితపు ఓడ వచ్చింది, వంతెన హుందాగా లేచింది, ఓడ వెళ్ళిపోయింది. దించబోతే సగంలోనే ఆగిపోయింది. అప్పుడర్థమైంది: వంతెన లేచినప్పుడు సంచులు దారంతో సహా సముద్రంలో మునిగాయి, తడిసిన గంజి జిగురై కప్పీకి అతుక్కుంది. ఎర్రదీపం ముందు రైలు, దాని వెనుక నెత్తిన చేతులతో మగ్గం.

చూడడానికి వచ్చిన మా అవ్వ, పత్తి పనికి పోతూ జీవితమంతా రైల్వే గేటు దగ్గర నిలబడిన మనిషి, ముందుకు వంగింది. “ఏమే, రైలు యాల నిలబడింది?”

“వంతెన దిగేదాకా నిలబడాల్సిందే అవ్వా.”

“రైలుకు గూడా గేటేస్తారా!” అవ్వ ముఖం వెలిగిపోయింది. “ఉండనీలే, తొందరపడి దించొద్దండి. దానికీ తెలియాల.”

పరీక్షాధికారి నవ్వాపుకోలేక కళ్ళద్దాలు తుడుచుకున్నారు. “వంతెన ఇరుక్కున్నా రైలు నీళ్ళలో పడలేదు. ఆ దీపం ఆలోచన ఎవరిది?”

“ఈయమ్మిదే సార్,” అన్నాడు మగ్గం. “దాని కోసం వారం దినాలు నా తల తినేసింది.”

“ఇద్దరూ పాస్. దారం మాత్రం మార్చండి.”

సముద్రాన్ని నేనింకా చూడలేదు. గేటు పడినప్పుడల్లా స్కూటీ ఆపి, ఆగవలసింది ఎవరన్న వాదం మనసులోనే మళ్ళీ మొదలుపెడతాను. రైలు మాత్రం జవాబివ్వకుండా దర్జాగా వెళ్ళిపోతుంది. అన్ని ప్రశ్నలడిగిన ఆ పిల్లకు, దారాన్ని ఒకసారి తడిపి చూద్దామా అన్న ప్రశ్న ఎందుకు తట్టలేదో అనుకుని నవ్వుకుంటూ, గేటు లేచేదాకా నిలబడతాను.