ఉర్దూ పహాణీ

గల్ఫ్‌లోని మెసైమీర్ కార్మికుల క్యాంపులో జలంధర్ రోజూ డ్యూటీ దిగి, బూట్లలో ఇసుక దులిపి, తహసీల్ నుంచి తెప్పించుకున్న పాత పహాణీ, అంటే భూమి ఎవరి సాగులో ఉందో రాసిన లెక్క, నకలు ముందేసుకుంటాడు. ఉర్దూ చదవరాదు. అయినా తాత అడవి కొట్టి చేసిన మెట్ట చెల్కకు అదే సాక్ష్యమని ఆ అక్షరాలను వేలితో తడుముతాడు. అందులో వాటా అడిగిన మేనత్త భూమవ్వను పన్నెండేళ్ళ కింద గడపలోంచే పంపేశాడు; నిరుడు ఆమె పోతే దినాలకూ వెళ్ళలేదు.

ఈ శుక్రవారం పక్క మంచం మొహియుద్దీన్ కాగితం లాక్కున్నాడు. "తలకిందులు వట్టుకున్నవ్ భాయ్! సాగుచేసినోళ్ళ ఖానాల, ఈ గడిల, మీ తాత పేరు లేదు. భూమవ్వ అని ఉంది. ఎవలామె?"

"మా అత్త. 'అడివి నేనే కొట్టిన' అంటుండె. నేను నవ్విన."

"నిజమే చెప్పింది గదా! యల్లా, ఇప్పుడే ఫోన్ చెయ్. ముసలామె ఖుష్ అయితది."

జలంధర్ ఫోన్ తీయలేదు. ఆ పేరు ఇంకోసారి చదవమన్నాడు.