నాన్న పేరున్న రేకుబిళ్లలు

మొన్న మందుల షాపులో రెండు రూపాయల చిల్లరకు బదులు ఒక చాక్లెట్టు చేతిలో పెడితే నాకు కోపం రాలేదు సరికదా, కోటబొమ్మాళి స్టేషను దారిలో మా నాన్న నడిపిన కిరాణా కొట్టు కళ్లముందు నిలిచింది. అరవైల చివర్లో, మీకూ గుర్తుండే ఉంటుంది, చిల్లర దొరకడం గగనమైపోయి, ఏ కొట్టువాళ్లు ఆ కొట్టు బిళ్లలు ఇచ్చుకునేవారు. మా నాన్న డబ్బా రేకును గుండ్రంగా కత్తిరించి, తన పేరులోని మొదటి అక్షరం మేకుతో పొడిచి, ఎవరి వేలూ తెగకుండా అంచులు రాతిమీద అరగదీసి మరీ ఇచ్చేవారు. సంతలో కూరలమ్మేవాళ్లు కూడా వాటిని కాదనేవారు కారు.

ఆ రోజుల్లోనే ఒక వానాకాలంలో నాన్నకు టైఫాయిడ్ వచ్చింది. ఇక బతకడని ఎవరో అన్నారట, అంతే, బిళ్లలున్నవాళ్లంతా కొట్టు మీద పడ్డారు. ఎన్నడూ గల్లాపెట్టె దగ్గర కూర్చోని అమ్మ, కొంగు బిగించి వచ్చి కూర్చుని, ఎవరినీ ఒక్క మాట అనకుండా, బిళ్ల తెచ్చినవాళ్లకల్లా పప్పో బెల్లమో తూచి ఇస్తూనే ఉంది. మధ్యాహ్నానికి అరలు బోసిపోయాయి.

అప్పుడొచ్చింది, కళింగపట్నం నుంచి ఎండుచేపల గంపతో సంతకొచ్చే, నేను అత్తా అని పిలిచే ఆవిడ. కొంగుముడి నిండా బిళ్లలే. అమ్మ ఖాళీ అరలు చూపించింది.

“ఏటీ మిగల్లేదు వదినా, ఉప్పొక్కటే ఉన్నాది.”

“ఉప్పుకేటి, మా కాడ సముద్రమే ఉన్నాది. నానేటి సరుక్కొచ్చానా? తమ్ముడికెలాగున్నాదో సెప్పు ముందు. ఆడు లేచి కూకున్నాక ఆడి సేత్తోనే తీసుకుంతాను,” అంటూ ముడి మళ్లీ బిగించుకుంది.

అది విని వెనక నిలబడ్డవాళ్లలో కొందరు తల దించుకుని వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ఆ ఉప్పే పట్టుకుపోయారు, వాళ్లూ లేనివాళ్లే పాపం, తప్పనలేను. అంతసేపూ బిగబట్టుకున్న అమ్మ అప్పుడు మాత్రం అత్త భుజం మీద తలపెట్టి ఏడ్చేసింది.

దసరా దాటాక నాన్న కర్ర ఊతంతో వచ్చి కొట్టు తెరిచారు. ఆ వారం సంతకే అత్త వచ్చి, ఆయన్ని ఎగాదిగా చూసి, “ఎముకలు తేలిపోనాయిరా,” అని తిట్టి, బిళ్లలిచ్చి తన సరుకు తీసుకుపోయింది. తర్వాత పైసలు మళ్లీ విరివిగా రావడంతో బిళ్లల వాడుక దానంతటదే పోయింది.

ఇప్పుడు నేను సరుకులు తెచ్చుకునే కొట్టాయన పేరు నాకు తెలియదు, నా పేరు ఆయనకు తెలియదు, డబ్బు మాత్రం చిటికెలో చేరిపోతుంది. ఆ రోజుల్లో ఒక కొట్టాయనకి జ్వరమొస్తే ఊరు సగం పరుగెత్తుకొచ్చింది. స్వార్థమే అనుకోండి. ఆ మాత్రం కంగారుపడేవాళ్లయినా ఇవాళ మనలో ఎవరికి మిగిలారు?