పద్నాలుగు అంగుళాల జగ్గారావు

మా బావ జగ్గారావుని చూస్తే నాకు కడుపుమంట. దాచుకోవడమెందుకు? ఆయన నా భార్య నాగమణికి అన్నయ్య. స్టీలు ప్లాంటులో ముప్ఫయ్యేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. సన్నటి మనిషి, నెమ్మదస్తుడు. పది ప్రశ్నలడిగితే ఒకదానికి జవాబిస్తాడు. ఆ ఒక్క మాటనే మా ఇంట్లో వారం రోజులు చెప్పుకుంటారు.

నాకు వన్ టౌన్‌లో షెడ్డుంది. ఇరవై రెండేళ్లుగా షాకబ్జర్లు బాగుచేయడమే నా పని. రుషికొండ బీచిలో టూరిస్టులను తిప్పే నాలుగు చక్రాల ఏటీవీల్లో సగం నా చేతి మీదే నడుస్తాయి. అలాంటిది నా కూతురు హేమశ్రీ, ఆఫీసులో జీతం కూడబెట్టి ఒక పాత ఏటీవీ కొనుక్కుని, డ్రాగ్ రేసుకి తయారవుతూ సలహా అడిగింది ఎవరిని? వాళ్ల మావయ్యని! పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా?

డ్రాగ్ రేసంటే రెండు వందల మీటర్లు తిన్నగా దూసుకుపోవడమే. మలుపులుండవు. బండి ఎత్తుగా ఉంటే యాక్సిలరేటర్ నొక్కగానే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. అందుకని పొట్టి షాకబ్జర్లు వేసి బండిని నేలకు దించాలి. మరీ పొట్టివైతే బండి అడుగు నేలకు రాసుకుంటుంది. ఎంత పొట్టి అన్నదే విద్య. వెనక షాకబ్జర్ కంపెనీ నుంచి పదహారున్నర అంగుళాలు వచ్చింది. నేను పదిహేనున్నర చేశాను, ముందువి కూడా ఆ లెక్కకే తగ్గించాను. తరవాత మా మెకానిక్కులందరం చేసేదే చేశాను. ఎక్కి కూర్చుని రెండుసార్లు ఊగి చూశాను. బండి చక్కగా కుంగింది.

ఆ సాయంత్రం జగ్గారావు వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎనకది పద్నాలుగు సాలు బావా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ప్లాంటులో క్రేన్లు బిగించినోడివి, షాకబ్జర్ల గురించి నీకేటి తెలుసు?"

ఆయన నవ్వాడు. మర్నాడు పొద్దున్నే హేమశ్రీని హెల్మెట్టు, బూట్లతో సహా మా వీధి చివర బియ్యం హోల్‌సేల్ కొట్టుకు తీసుకెళ్లాడు. బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టాడట! కొట్టువాళ్లు నవ్వారట.

"నా కూతురేటి, బియ్యం బస్తావా?" అని నేను ఎగిరాను.

"మా అన్నయ్య ఏటి సేసినా దానికో లెక్కుంటాది" అంది నాగమణి. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

చివరికి హేమశ్రీయే తీర్పు చెప్పింది. "నాన్నా, ఒక్కో బండికి రెండు పరుగులుంటాయి. మొదటిది నీ షాకబ్జర్లతో, రెండోది మావయ్యవాటితో. మంచి టైమే లెక్కలోకొస్తాది."

నా కూతురి బండి నా చేతి పనితో గెలవాలి. నాకు కావలసిందల్లా అదే. వారమంతా దేవుణ్ణి అదే అడిగాను. బావ పని పాడవాలని కూడా అడిగాను. ఆ పాపం నాదే.

ఆదివారం తగరపువలస దాటాక ఒక ఖాళీ లేఅవుట్‌లో, మట్టిరోడ్డు మీద రేసు. చక్రాల కింద నిమ్మకాయలు నేనే పెట్టాను. జెండా ఊపారు. అంతే! బండి ముందు చక్రాలు నా ఛాతీ ఎత్తుకు లేచాయి. పిల్ల వెనక్కి వాలిపోయింది. ఓరి దేవుడో! ఎలాగో యాక్సిలరేటర్ మీంచి వేలు తీసేసింది. బండి దబ్బున కింద పడి నిలబడింది. పక్కబండి అప్పటికే గీత దాటేసింది.

"మట్టి వదులుగా ఉంది" అన్నాను.

జగ్గారావు నావి విప్పి తనవి బిగించాడు. స్పానర్లు అందించింది నేనే, ఏం చేస్తాను? రెండోసారి బండి నేలను కరుచుకుని దూసుకుపోయింది. మొదటి స్థానం! జనం ఒకటే ఈలలు. నేను కళ్లల్లో నిప్పులు పోసుకుని చూస్తున్నాను. హేమశ్రీ హెల్మెట్ తీసి పరుగెత్తుకొచ్చింది. నేను చేతులు చాపాను. అది వెళ్లి వాళ్ల మావయ్యని వాటేసుకుంది.

ఉండబట్టలేక బావని పక్కకు లాగాను. "ఏటి సేసావు? నిజం సెప్పు."

"ఏటీ లేదు బావా. పిల్లని తూసి, ఆ బరువుకి కొలిసాను. నువ్వు కూకుంటే తొంభై కిలోలు, బండి కుంగుతాది. పిల్లయితే హెల్మెట్టు, బూట్లతో కలిపి నలభై తొమ్మిదే, అంత కుంగదు."

రేసుకి ముందు బండి నా షెడ్డులో పద్దెనిమిది రోజులుంది. హేమశ్రీ రోజూ సాయంత్రం వచ్చి దాని పక్కనే నిలబడేది. ఒకరోజు ఎక్కబోతే, "గ్రీజు అంటుకుంటాది, దిగు" అని కసిరాను కూడా. నడిపేది అది, ఊగి చూసింది నేను.

సోమవారం షెడ్డు తీయగానే దాన్ని పిలిచాను. "రా అమ్మా, ఎక్కి కూకో" అన్నాను. టేపు పట్టుకుని నేల మీద గొంతుక్కూర్చున్నాను. అది ఎక్కలేదు. లోపలికెళ్లి హెల్మెట్ పెట్టుకుని, బూట్లు తొడుక్కుని వచ్చింది.

"ఇవి లేకుండా కొలవకూడదు నాన్నా, మావయ్య సెప్పాడు."

మళ్లీ మావయ్యే! పళ్లు కొరుక్కుంటూ కొలిచి, దాని బరువుకి వెనక షాకబ్జర్ ఎంతుండాలో లెక్కేశాను. పద్నాలుగే వచ్చింది.