ఎత్తకూడని కుక్కను ఎత్తిన మేవిస్

మా వైపు గొర్రెల కుక్క వయసును ఏళ్లతో లెక్కపెట్టరు. పొద్దున్నే యజమాని యూట్ అనే చిన్న ట్రక్కు స్టార్టు చేసి ఈల వేస్తాడు, కుక్క ఒక్క గెంతుతో వెనక తొట్టిలోకి ఎక్కాలి. గెంతినన్నాళ్లే దాని ఆయుష్షు. గెంతలేకపోయిన మర్నాడు యజమాని తుపాకీ భుజాన వేసుకుని దాన్ని వాగు వైపు నడిపించుకు పోతాడు, ఒక్కడే తిరిగొస్తాడు, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడడు. అంతేగానీ కుక్కను చేతులతో ఎత్తి బండెక్కించడం ఎవరూ చెయ్యరు. అలా చేస్తే కుక్కకూ పరువు తక్కువ, మనిషికీ పరువు తక్కువ అని అందరి నమ్మకం. నేనూ నమ్మాను. రెండు కుక్కల్ని అలా వాగుకు తీసుకెళ్లాను కూడా. అది శుద్ధ మూర్ఖత్వం. దానికి మేము మగతనం అని పేరు పెట్టుకున్నాం.

హే అనే పట్నం చుట్టూ పరుచుకున్న మైదానంలో కురంబీన్ అనే గొర్రెల స్టేషన్లో, అంటే వేల గొర్రెల్ని పెంచే కంపెనీ భూముల్లో, నేను ఉన్ని మూటలు కట్టేవాణ్ణి. మేవిస్ కీనన్ అక్కడికి ఇరవై రెండో ఏట వంటమనిషిగా వచ్చిందట. మగవాళ్లు దొడ్లో గొర్రెల్ని తోలే తీరు చూసి ఒళ్లు మండి, రెండేళ్లకే గరిటె పక్కన పడేసి దొడ్లోకి దిగిందట. నేను చేరేసరికి గొర్రెల్ని వేరుచేసే గేటు ఆమె రాజ్యం. ఇప్పుడామెకు అరవై మూడు. ఎడమ తుంటి అరిగిపోయి కుంటుతూ నడుస్తుంది గానీ నోరు మాత్రం ఏమీ అరగలేదు. ఆమె కుక్క పేరు టిగ్. కెల్పీ జాతి ఎర్ర కుక్క, పన్నెండేళ్లది.

మార్చి నెలలో ఒక పొద్దున టిగ్ గెంతబోయింది. ముందు కాళ్లు తొట్టి అంచుకు తగిలాయి, వెనక కాళ్లు లేవలేదు. గడ్డం ఇనుముకు కొట్టుకుని నేల మీద పడింది. దొడ్లో పదకొండు మందిమి ఉన్నాం. అందరం ఒక్కసారిగా మా మా బూట్లు చూసుకున్నాం, ఎందుకంటే ఆ తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. మేవిస్ వంగింది, తన తుంటి నొప్పికి పళ్లు కొరుక్కుంటూనే ఇరవై రెండు కిలోల కుక్కను రెండు చేతులా ఎత్తి తొట్టిలో పెట్టింది. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. మధ్యాహ్నం టీ వేళకు స్టేషనంతా అదే మాట.

ఆ మాట మేనేజరు చెవినా పడింది. గ్రాంట్ లడ్‌లో అనే ఆ మేనేజరు అంతకు ముందు ఏడే కొత్తగా వచ్చాడు. నలభై కూడా లేని మనిషి, గొంతెత్తి మాట్లాడడు, తిరిగి అరవడానికి వీలివ్వడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. స్టేషన్లో పనిచేసే కుక్కలే ఉండాలని కంపెనీ నియమం. ఆ సంగతి చెప్పడానికి ఆమె గుడిసె దాకా వచ్చాడు.

“మేవిస్, ఆగస్టులో ఉన్ని కత్తిరింపు మొదలయ్యే దాకా చూస్తాను. ఆ రోజుకి అది పని చెయ్యకపోతే, మీ వల్ల కాదంటే, నేనే చూసుకుంటాను. నొప్పి తెలియనివ్వను.”

“వీడి నొప్పి సంగతి నేను చూస్తాలే అబ్బాయ్,” అంది మేవిస్. “నీ తుపాకీ సంగతి నువ్వు చూసుకో.”

కుదరదంటే కుక్కతో పాటు గుడిసె కూడా ఖాళీ చెయ్యాల్సి ఉంటుందని ఆయన మెత్తగా చెప్పి వెళ్లాడు.

మొదట ఆమె చేసిందీ మేమందరం చేసే తప్పే. కుంటుతున్న కుక్కను గొలుసుకు కట్టేసి, కదలనివ్వకుండా, కడుపునిండా కొవ్వు మాంసం పెట్టడం మా వైపు వైద్యం. నెలన్నర అలాగే చేసింది. టిగ్ పీపాలా లావెక్కింది, లేవాలంటే మూడుసార్లు ప్రయత్నించేది. అప్పుడు దాన్ని బండిలో వేసుకుని హే పట్నానికి వెళ్లింది. అక్కడి పశువుల డాక్టరమ్మ కీళ్లు నొక్కి చూసి, ఎక్స్‌రే ఫొటోలు తీసి, తుంటి కీళ్లలో వాతం బాగా ముదిరిందని, పూర్తిగా నయం కాదని చెప్పింది. తర్వాత మేవిస్‌కు గట్టిగా తలంటింది. ప్రేమతో పెట్టిన కొవ్వే ఆ కాళ్ల మీద బరువై కూర్చుందట. కట్టేస్తే కీళ్లు ఇంకా బిగుసుకుపోతాయట. లెన్ పార్గెటర్ అనే కత్తిరింపువాడు తన నడుంనొప్పి మాత్రలు సగం ఇస్తానన్నాడని చెబితే, మనుషుల మాత్రలు కుక్క ప్రాణం తీస్తాయని ఆ డాక్టరమ్మ కళ్లెర్రజేసింది.

మేవిస్ తిరిగొచ్చి యుద్ధానికి దిగినట్టే దిగింది. తిండి సగానికి పైగా తగ్గించింది. టిగ్ ఖాళీ గిన్నె ముందు కూర్చుని ఆమె మొహంలోకి చూస్తుంటే, ఆమె గోడ వైపు తిరిగి తిట్టుకునేది. ఆ చూపును ఓర్చుకోవడమే అన్నిటికన్నా కష్టమని నాతో అంది. పొద్దునా సాయంత్రం ఇసక నేల మీద పది నిమిషాలు నడక, ఇద్దరూ ఒకే రకంగా కుంటుతూ. డాక్టరమ్మ ఇచ్చిన మందు తిండిలో కలిపి పెట్టేది. రేకు గూడు తీసిపారేసి, పొయ్యి పక్కన నేలకు జానెడు ఎత్తున మంచం కొట్టి, మందంగా పరుపు వేసింది. కీళ్లు బిగుసుకున్న పొద్దుల్లో గోధుమలు నింపిన సంచి వెచ్చజేసి తుంట్ల మీద కాపడం పెట్టేది. ఉన్ని కత్తిరించే షెడ్డులో చెక్క నేల జిడ్డుకు జారిపోతుందని, అది నడిచే దారంతా పాత గోనె పరిచింది.

ఆ తర్వాత బండి ఎక్కడానికి ఒక ఏటవాలు చెక్క చేసింది. దాన్ని చూసి మేము పడీ పడీ నవ్వాం. రాజావారు ఓడెక్కుతున్నారు, బాజాలు వాయించండిరా అన్నాడు లెన్. నడుం పట్టేసి నువ్వు ఏడుస్తూ వస్తావుగా, నిన్నూ దీని మీదే ఎక్కిస్తానని ఆమె తిరిగి అంది. నేను కూడా నవ్వాను. వారం తర్వాత, టిగ్ కాళ్లు చెక్క మీద జారుతుంటే చూడలేక, ఒక పాత తివాచీ ముక్క తెచ్చి దానికి మేకులు కొట్టాను. మేవిస్ కృతజ్ఞతలేమీ చెప్పలేదు. ఇంకో రెండు మేకులు వెయ్యమంది.

జూలై మా వైపు నడి చలికాలం. ఆ మంచులో కొన్ని పొద్దులు టిగ్ అసలు లేచేదే కాదు. కాని బరువు తగ్గింది, నడక సాగింది, తోక మళ్లీ ఊగడం మొదలుపెట్టింది. పరిగెత్తడం మాత్రం ఇక లేదు. మేవిస్‌కు అది తెలుసు. ఆగస్టు దగ్గరపడుతున్న కొద్దీ ఆమె ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేది కాదు.

కత్తిరింపు మొదటి రోజు వచ్చింది. షెడ్డు లోపల ఆరుగురు కత్తిరింపువాళ్లు మిషన్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. బయట గొర్రెలు షెడ్డు గేటు దాకా వచ్చి మొండికేశాయి. రెండు కుర్ర కుక్కలు మొరిగిన కొద్దీ అవి గుండ్రంగా తిరుగుతున్నాయే గానీ లోపలికి ఒక్కటీ పోదు. గ్రాంట్ చేతి గడియారం చూసుకుంటున్నాడు. అప్పుడు టిగ్ బండి తొట్టిలోంచి లేచి, ఏటవాలు చెక్క మీదుగా అడుగులో అడుగు వేసుకుంటూ దిగింది. మేవిస్ పిలవలేదు, ఆమె వీపు అటుంది. టిగ్ మంద చుట్టూ నిదానంగా నడిచి గేటు వారగా వచ్చి, తల వంచి నిలబడి చూసింది. ఒక గొర్రె తిరిగి లోపలికి నడిచింది. దాని వెనక ఒక్కొక్కటే మరికొన్ని. పది నిమిషాల్లో షెడ్డు సగం నిండింది.

అంతలోనే టిగ్ వెనక కాళ్లు వణికి కూలబడింది. మేవిస్ కుంటుతూ పరిగెత్తుకొచ్చి, నిన్నెవడు దిగమన్నాడురా అని తిడుతూ దాని పక్కన చతికిలబడింది.

గ్రాంట్ నవ్వుతూ వచ్చాడు. ఆయన నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. “ఇక గొడవే లేదు. రోజూ దాన్ని ఆ గేటు దగ్గర నిలబెట్టండి. పని చేస్తోందిగా, ఉండనిద్దాం.”

మా గుండెల మీంచి బరువు దిగింది. తలూపెయ్, మేవిస్, తలూపెయ్ అని లోలోపల అనుకుంటున్నాను.

“నిలబెట్టను,” అంది మేవిస్.

గ్రాంట్‌కు అర్థం కాలేదు.

“వాడికి ఇవాళ బుద్ధిపుట్టింది, వచ్చాడు. రేపు పుట్టకపోవచ్చు. పుట్టకపోయినా ఇక్కడే ఉంటాడు. పని చేస్తున్నాడని కాదు. వాడి ఇల్లు ఇది. ఈ కాళ్లను రోజూ ఆ గేటు దగ్గర నిలబెడితే నెలకల్లా చస్తాడు, దానికి నీ తుపాకీ కూడా అక్కర్లేదు. కాదంటావా, వెళ్లి తుపాకీ తెచ్చుకో. నేనిక్కడే కూర్చుంటాను.”

ఆమె పాత తువ్వాలు టిగ్ పొట్ట కిందుగా వేసి, నడుము భాగం పైకి పట్టుకుని, మెల్లగా చెక్క మీద నడిపించి తొట్టి ఎక్కించింది. తనూ ఎక్కి పక్కన కూర్చుని, దాని తుంటి మీద అరచెయ్యి వేసి రుద్దసాగింది. గేటు దగ్గర ఎవరూ లేరు. లోపల్నించి లెన్ మిగతా గొర్రెల్నీ పంపమని అరిచాడు. బయట ఇంకా రెండు వందలున్నాయి. కుర్ర కుక్కలు నాలుకలు వేలాడేసి నీడన పడ్డాయి. గ్రాంట్ ఆమె వంక చూశాడు. నా వంక చూస్తే నేను ఖాళీ ఉన్ని సంచి మడుస్తున్నట్టు నటించాను. తుపాకీ కోసం ఇంటి వైపు నడుస్తాడేమోనని ఓరకంట ఆయన్నే చూస్తున్నాను.

ఆయన టోపీ తీసి గుంజకు తగిలించాడు. టిగ్ నిలబడిన చోటికే వెళ్లి, చేతులు చాపి నిలబడ్డాడు. గొర్రెలు ఆయనకు రెండు పక్కలనుంచీ తప్పించుకుని పోయాయి. ఆయన అరిచాడు, అవి ఇంకా బెదిరాయి.

“అరవకు,” అంది మేవిస్ తొట్టిలోంచి. “ఎడం పక్కకి జరుగు. ఇంకా. ఇప్పుడు ఊరికే నిలబడు.”

గ్రాంట్ జరిగి నిలబడ్డాడు. ఒక ముసలి గొర్రె ఆయన్ని కాసేపు చూసి, తల తిప్పుకుని లోపలికి నడిచింది. టిగ్ అప్పటికే నిద్రపోతోంది.