బ్రాక్ లా మీద కాపలా

గొర్రెలు పోయాక ఐదు నెలలపాటు ఐలీ టెల్ఫర్ బ్రాక్ లా కొండ ఎక్కలేదు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. స్కాట్లండ్ సరిహద్దులో ఆ కొండ కిందే పుట్టింది, పెళ్లి చేసుకోలేదు, తండ్రి పోయాక మందని తనే చూసుకుంది. కొండ నెత్తిన రెండు వేల ఏళ్లనాటి రాతికోట ఉంది, గోడలు కూలి నడుమెత్తు మిగిలాయి. "పాపం, మన గొర్రెలకి చలిగాలి తగలకూడదనే కట్టిపోయారు" అనేవాడు తండ్రి.

ఆ మార్చిలో పక్క పొలంలో పశువులకి గాలికుంటు రోగం సోకింది. ఐలీ మందలో ఒక్కదానికీ రోగం లేదు, అయినా అది పాకకుండా మందనంతా చంపాలన్నారు ప్రభుత్వంవాళ్లు. ఆ గొర్రెలు ఆమె గొంతుకి తప్ప రావు కాబట్టి, నాలుగు వందల పన్నెండింటినీ తనే పిలిచి కిందికి దించింది. "మీరు లోపలికెళ్లండమ్మా" అంది పశువుల డాక్టరు, పాతికేళ్ల పిల్ల. ఐలీ లోపలికెళ్లి, వచ్చినవాళ్లందరికీ టీ కాచింది. ఏడుపు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. తిమ్మిరెక్కిన కాలులా ఉండిపోయింది మనిషంతా.

ఆగస్టులో పొరుగు రైతు వాట్ వచ్చాడు. "కొండ మీద హెదర్ పొద పూసింది, చూశావా?"

"కిటికీలోంచి కనబడుతూనే ఉంది."

"కిటికీలోంచి చూడ్డానికి నువ్వేమన్నా జబ్బుమనిషివా? పద."

కొండంతా ఊదారంగు. మోకాళ్ల దాకా పూలపొదలు. గొర్రెలు నడిచి నడిచి చేసిన బాటల్లో గడ్డి మొలిచింది. వాట్ పది అడుగులకోసారి ఆగి, మోకాళ్లని తిట్టుకుంటూ ఎక్కాడు. కోట రాళ్ల మీద పట్నం మనిషెవరో కూర్చుని ఉన్నాడు. "ఎంత ప్రశాంతంగా ఉందండీ ఇక్కడ!" అన్నాడు.

వాట్ నోరు తెరవబోయాడు. ఐలీ అతని చెయ్యి పట్టుకుంది. "అవునండీ, ప్రశాంతంగానే ఉంది" అంది. నిజంగానే ఆమెకేమీ అనిపించలేదు.

ఆ మనిషి దిగిపోయాక వాట్ అడిగాడు: "మళ్లీ కొంటావా?"

"కొన్నవాటికి ఈ కొండ తెలీదు. కంచె లేదాయె. తల్లి వెంట తిరిగి పిల్ల హద్దు నేర్చుకుంటుంది. ఆ తల్లులే లేవుగా."

"మరి మొట్టమొదటి మందకి ఎవరు నేర్పారే?"

"ఎవడో రోజూ నిలబడి కాసుంటాడు."

"అయితే నువ్వూ నిలబడు. నీకు మాత్రం ఏం రాచకార్యాలున్నాయి?"

మరుసటి మే నెలలో ఉత్తరాన్నించి అరవై గొర్రెల్ని తెచ్చింది. రోజూ పొద్దునా సాయంత్రమూ కుక్క నెల్‌ని తీసుకుని ఎక్కడం, హద్దు దాటినవాటిని వెనక్కి మళ్లించడం. వానలో, మంచులో, రెండు చలికాలాలు. అవి ఆమె మాట వినేవి కావు. ఆమె వాటికి పేర్లు పెట్టలేదు.

"ఇప్పుడు మనసు కుదుటపడిందా?" అని వాట్ భార్య అడిగితే, "కాళ్లు నొప్పులు" అంది ఐలీ.

మూడో ఏడు ఏప్రిల్లో ఒక పొద్దున ఇంటి గేటు దగ్గర నిలబడి చూసింది. గొర్రెపిల్లలు తల్లుల వెంట వరసగా హద్దులో ఉన్న వాగుదాకా వెళ్లి, ఎవరూ అదిలించకుండానే వెనక్కి తిరిగాయి. ఇక ఆమె ఎక్కాల్సిన పని లేదు. ఏం చెయ్యాలో తోచక, నెల్‌ని పిలిచి కొండ ఎక్కడం మొదలుపెట్టింది.